పంటి మీద రాసి ఉన్న సొంతూరు

సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిని చూసినవారికి ఒక సంగతి తెలిసివస్తుంది. మనలో ఎందరికో ఉన్న ఊరు ఒకటి, సొంతూరు మరొకటి. ఉన్న ఊరు కన్నతల్లి వంటిదని మన పెద్దలన్నారు గాని, విడిచి వచ్చిన ఊరిని ఏమనాలో చెప్పలేదు. హైదరాబాదులో స్థిరపడినవారు సూర్యాపేట పల్లెలకు వస్తారు. మిర్యాలగూడ, కోదాడ ఆయకట్టులో స్థిరపడిన కుటుంబాలు కృష్ణ దాటి తమ తాతల ఊళ్ళకు పోతాయి. అమెరికాలో పుట్టిన మనుమలు సెలవులకు వచ్చి, తాతగారు పుట్టిన ఇంటి ముందు నిలబడి ఫొటో తీసుకుంటారు. పాత ఇల్లు, బొడ్రాయి, బడి, చెరువుకట్ట చూసి, మిగిలిన బంధువులను పలకరించి వెళ్ళిపోతారు.

ఈసారి అలా వెళ్ళినప్పుడు మీరు మరొక సాక్ష్యాన్ని కూడా చూడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ సాక్ష్యం ఏ దస్తావేజులోనూ ఉండదు, మీ పెద్దల నోటిలో ఉంటుంది. మనిషి బాల్యంలో ఏ నీళ్ళు తాగాడో అతని పంటి పింగాణి పొర జీవితాంతం గుర్తుపెట్టుకొంటుంది. ఈ సత్యం వైద్యలోకానికి తెలిసివచ్చిన కథ వలసపోయే మనుషుల పళ్ళను పరీక్షించడంతోనే మొదలైంది. అది మన నల్గొండలో కాదు, ఇటలీలోని నేపుల్స్ రేవులో.

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో దక్షిణ ఇటలీ పల్లెల నుండి పేద రైతులు లక్షల సంఖ్యలో అమెరికాకు ఓడలెక్కారు. అంటువ్యాధులున్నవారు తమ దేశంలో అడుగుపెట్టకుండా చూడటానికి అమెరికా ప్రభుత్వం తన వైద్యులను ఐరోపా రేవులలో కూడా నియమించింది. అలా నేపుల్స్‌లో పనిచేసిన జె.ఎం. ఈగర్ అనే వైద్యుడు ఓడ ఎక్కేందుకు వచ్చినవారిలో కొందరి పళ్ళు నల్లగా, గోధుమరంగు చారలతో ఉండటం గమనించాడు. అటువంటివారు నేపుల్స్ పక్కనున్న అగ్నిపర్వత ప్రాంతాల నుండి, ముఖ్యంగా పొజ్జువోలి పరిసరాల నుండి వచ్చినవారు. 1901లో ఆయన దీనిపై ఒక చిన్న నివేదిక ప్రచురించాడు. ఆ ప్రాంతపు సామాన్యులు ఈ పళ్ళకు పెట్టుకున్న పేర్లను కూడా అందులో నమోదు చేశాడు. ఒకటి ‘దెంతి నేరి’, అంటే నల్లపళ్ళు. రెండవది ‘దెంతి స్క్రిత్తి’, అంటే రాసి ఉన్న పళ్ళు. పంటి మీది సన్నని గీతలు సిరాతో గీసినట్లుండటం వల్ల ఆ పేరు వచ్చింది.

మనం నుదుటి రాత అంటాం. ఆ ఇటలీ రైతులు పంటి రాత అన్నారు. ఆ రాతలో ఉన్నది జాతకం కాదు, ఊరు.

అదే 1901వ సంవత్సరంలో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు వైద్యం ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగినవారిలో చాలామంది పళ్ళపై గోధుమరంగు మచ్చలున్నాయి. పెద్దవయసులో ఆ ఊరికి వచ్చి స్థిరపడినవారికి మాత్రం ఎన్నేళ్ళు గడిచినా ఆ మచ్చలు రాలేదు. ఒకే ఇంట్లో తల్లిదండ్రుల పళ్ళు తెల్లగా, పిల్లల పళ్ళు మచ్చలుగా ఉండటానికి కారణమేమిటన్న ప్రశ్న మెకేను దాదాపు మూడు దశాబ్దాలు వెంటాడింది. తాగేనీటి మీద ఆయనకు అనుమానం కలిగింది. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే ఊరిలో దూరపు ఊట నుండి గొట్టపు నీరు తెచ్చుకున్న తరువాత పిల్లల పళ్ళు పాడవుతున్నాయని తల్లులే మొదట పసిగట్టారు. 1925లో మెకే సలహాపై వారు ఆ నీటిని మానివేసి మరొక ఊట నుండి నీరు తెచ్చుకున్నారు. తరువాత కొన్నేళ్ళకు వచ్చిన పిల్లల కొత్త పళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

నీటిలో దోషం ఏదో తేల్చింది దంతవైద్యులు కాదు, ఒక రసాయన శాస్త్రవేత్త. అర్కాన్సాస్ రాష్ట్రంలో అల్యూమినియం గనుల కోసం వెలసిన బాక్సైట్ అనే ఊరి నీటిని 1931లో హెచ్.వి. చర్చిల్ పరీక్షించగా లీటరుకు 13.7 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కనిపించింది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి నిర్ణయించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండటం మంచిది. వేరే నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు.

పంటి మీద ఈ రాత ఎలా పడుతుందో తెలుసుకొంటే, మీ కుటుంబ చరిత్రను మీరే చదువుకోవచ్చు. పుట్టినప్పటి నుండి సుమారు ఎనిమిదేళ్ళ వయసు వరకు, జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాలన్నింటి పింగాణి పొర చిగురు లోపల తయారవుతూ ఉంటుంది. ఆ కాలంలో నీటి ద్వారా ఫ్లోరైడ్ అధికంగా చేరితే ఆ పొర గట్టిపడవలసినంత గట్టిపడక, సూక్ష్మమైన రంధ్రాలతో మిగులుతుంది. పన్ను బయటికి వచ్చినప్పుడు అది సున్నపు తెలుపుగా కనిపిస్తుంది. తరువాత ఆ రంధ్రాలలోకి రంగు చేరి పసుపు, గోధుమ చారలు ఏర్పడతాయి. మన పల్లెలలో వీటినే గారపళ్ళు అంటారు. ఎముక జీవితాంతం కరుగుతూ, కొత్తగా కట్టుకొంటూ ఉంటుంది. పింగాణి పొరకు ఆ గుణం లేదు. ఒకసారి తయారైతే అంతే. కనుక ఎనిమిదేళ్ళ తరువాత మనిషి ఏ దేశానికి పోయినా, ఏ నీళ్ళు తాగినా, బాల్యపు రాత చెరిగిపోదు. అదే విధంగా, శుభ్రమైన నీటితో పెరిగినవాడు పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి వచ్చినా అతని పళ్ళపై మచ్చ పడదు.

పన్ను ఎంతటి నమ్మకమైన సాక్షియో చెప్పే ఉదాహరణలు ఇటలీలోనే మరి రెండున్నాయి. సామాన్యశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం పట్టణవాసులు బూడిద కింద సమాధి అయ్యారు. వారి ఎముకలలో, పళ్ళలో ఫ్లోరోసిస్ లక్షణాలున్నట్లు 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. అంటే ఈగర్ చూసిన వలస రైతులకన్నా 18 శతాబ్దాల ముందే ఆ నేల నీరు అక్కడి మనుషులను అదే విధంగా బాధించింది. ఇక 1991లో ఆల్ప్స్ పర్వతాలలో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ళనాటి మనిషి సంగతి మీరు వినే ఉంటారు. అతని పంటి పింగాణిలోని మూలకాలను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అతని బాల్యం ఆ శవం దొరికిన చోటికి 60 కిలోమీటర్ల లోపున, దక్షిణాన ఉన్న లోయలలో గడిచిందని 2003లో నిర్ధారించారు. పేరు, భాష, కులం, దైవం ఏవీ తెలియని ఆ మనిషికి కూడా పన్ను ఒక సొంతూరిని చూపించింది.

ఇక మన నేలకు వద్దాం. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యపరంగా తొలిసారి వివరంగా వర్ణించినది తెలుగు గడ్డ మీదనే. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాలలో, వెన్నెముక కొయ్యబారి వంగలేని మనుషులను చూసి ఆ వ్యాధిని లోకానికి తెలిపారు. హైదరాబాదు రాష్ట్రంలోని నల్గొండ జిల్లా రోగుల గురించి 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. నాటి నల్గొండ జిల్లాలో నేటి సూర్యాపేట జిల్లా కూడా భాగమే. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది.

సిద్దిఖీ వ్యాసం వచ్చిన 1955లోనే, డిసెంబరు 10న, జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్‌బహదూర్ కాలువగా పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపురేఖలను మార్చివేసింది. కాలువ వస్తున్నదని తెలిసి గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు డెల్టాలో తమకున్న కొద్దిపాటి భూమిని అమ్ముకొని, ఇక్కడ అంతకన్నా ఎక్కువ ఎకరాలు కొని, రాళ్ళు ఏరి, గట్లు పోసి మాగాణి చేసుకున్నారు. నేడు మిర్యాలగూడ చుట్టూ కనిపించే రైస్ మిల్లుల వెనుక ఆ నీరు, స్థానిక రైతుల చెమట, వలస రైతుల చెమట మూడూ ఉన్నాయి.

ఆ వలసకు ఒక వైద్య చరిత్ర కూడా ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 1968లో డెల్టా నుండి ఒక రైతు భార్యతో, ఇద్దరు పిల్లలతో ఇక్కడికి వచ్చాడు. పెద్దకొడుక్కి పదేళ్ళు, కూతురికి రెండేళ్ళు. ఇక్కడికి వచ్చాక మూడవ బిడ్డ పుట్టాడు. పొలానికి కాలువ నీరు వచ్చినా, తాగడానికి వారు ఇంటి దగ్గరి చేదబావి మీద ఆధారపడ్డారు. ఆ బావిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నదనుకుందాం. కాలువ వచ్చిన ఊళ్ళన్నింటిలోనూ అలా ఉండదు. ఒకే ఊరిలో ఒక వీధి బావి మంచిదై, పక్క వీధి బావి చెడ్డదయ్యే అవకాశం కూడా ఉంది. ఇరవై ఏళ్ళ తరువాత ఆ కుటుంబాన్ని వరుసగా నిలబెట్టి నవ్వమంటే ఏం కనిపిస్తుంది? తల్లిదండ్రుల పళ్ళు, పెద్దకొడుకు పళ్ళు తెల్లగా ఉంటాయి. కూతురి ముందుపళ్ళలో కొంత బాగుండి, తరువాత తయారైన వెనుకటి పళ్ళలో గార ఎక్కువగా ఉండవచ్చు. ఇక్కడ పుట్టిన చిన్నవాడి పళ్ళన్నీ గారపళ్ళే. ఒక్క కంచంలో తిన్న ముగ్గురు తోబుట్టువుల నోళ్ళలో వారు వలస వచ్చిన సంవత్సరం రాసి ఉంటుంది. మెకే కొలరాడోలో చూసినది ఇదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయాలి. ఆ తండ్రి పళ్ళు తెల్లగా ఉన్నాయి గనుక ఫ్లోరైడ్ ఆయన జోలికి రాలేదనుకోవడం పొరపాటు. పంటికి ఎనిమిదేళ్ళతో గడువు తీరుతుంది గాని, ఎముకకు గడువు లేదు. ఏళ్ళ తరబడి ఆ నీరు తాగినవారికి మెడ, నడుము, మోకాళ్ళు క్రమంగా బిగుసుకుపోవచ్చు. అటువంటి మనిషి అరవై ఏళ్ళ వయసులో నడుము పట్టేసిందని వస్తే, నోరు చూసి ఫ్లోరోసిస్ కాదనుకొని, వాతమనో ముసలితనమనో చెప్పి నొప్పిమాత్రలు రాసిచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఆయన ఎక్కడ పుట్టాడు, ఏ వయసులో ఈ ఊరు వచ్చాడు, ఏ బావి నీరు ఎన్నేళ్ళు తాగాడు అన్న ప్రశ్నలు వైద్యుడికి ఎక్స్‌రేతో సమానం. కుటుంబ వలస చరిత్ర తెలిసిన కొడుకో కోడలో పక్కన ఉంటే రోగనిర్ణయం సగం పూర్తయినట్లే.

ఆనకట్ట కథలో మరో మలుపు కూడా ఉంది. నల్గొండ జిల్లా పల్లెలలో మోకాళ్ళు లోపలికి వంగి, పాదాలు ఎడమైపోయిన పిల్లలు, యువకులు ఎక్కువగా కనిపిస్తున్నారని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్‌లో రాశారు. జలాశయం వచ్చిన తరువాత భూగర్భజలం పైకి వచ్చి నేల స్వభావం మారిందని, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగి, శరీరంలోని రాగిని బయటికి పంపివేస్తున్నదని ఆ సంస్థ పరిశోధకులు భావించారు. జొన్న ప్రధానాహారమైన పేద ఇళ్ళలోనే ఈ వంకర కాళ్ళు ఎక్కువగా కనిపించాయి. ఒకే జలాశయం ఒకరికి వరి అన్నం పెట్టింది, మరొకరి జొన్నరొట్టెలో కీడు కలిపింది. చరిత్ర రాసేటప్పుడు రెండూ రాయాలి.

మన వలస ఒక్క దిక్కుకే సాగలేదు. కాలువ అందని మునుగోడు, మర్రిగూడ వైపు మెట్ట పల్లెల నుండి ఎందరో హైదరాబాదుకు, నేత కార్మికులు భివండీ, సూరత్‌లకు తరలిపోయారు. వారి పళ్ళు సొంతూరిని వెంట తీసుకుపోయాయి. పరాయి ఊళ్ళో ఆ మచ్చలు చూసినవారు గుట్కా అనుకున్నారు, పళ్ళు తోముకోని మురికి మనిషి అనుకున్నారు. పెళ్ళిచూపులలో నోరు మూసుకొని నవ్విన ఆడపిల్లల బాధ ఈ జిల్లావారికి కొత్త కాదు. ఆ ఇళ్ళలో భివండీలోనో సూరత్‌లోనో పుట్టిన పిల్లల పళ్ళు మామూలుగా ఉండటం చూసి, మా పిల్లలు శుభ్రంగా తోముకుంటారు అనుకునేవారున్నారు. తోమడానికి, ఈ గారకు సంబంధం లేదు. తేడా తెచ్చింది నీరే.

ఈ అవమానాన్ని దేశం దృష్టికి తేవడానికి మన జిల్లా ఒక విచిత్రమైన మార్గం పట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీపడ్డారు. మంచినీటి గోడును ఢిల్లీకి వినిపించడానికి ఎన్నుకున్న నిరసన అది. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నేడు నదీజలం ఇళ్ళకు వస్తున్నది. బోరునీటి మీద ఆధారపడటం తగ్గినచోట, ఆ తరువాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా రావాలి. అలా వస్తున్నాయా లేదా అన్నది మీ వీధి బడిలోని ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల నోళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ప్రభుత్వ లెక్కలకన్నా అది సూటి పరీక్ష.

కొందరికి వెళ్ళి చూసే సొంతూరే మిగలలేదు. నాగార్జునసాగర్ కింద కొన్ని ఊళ్ళు మునిగాయి. తరువాత పులిచింతల జలాశయం కింద మేళ్లచెరువు ప్రాంతపు నెమలిపురి వంటి ఊళ్ళు నీటి పాలయ్యాయి. 2014 తరువాత మరికొందరి సొంతూరు పక్క రాష్ట్రంలోకి పోయింది. మునిగిన ఊరికి బస్సు లేదు, ఆ ఊరి బావిని పరీక్షించే దారి లేదు. ఆ ఊరి నీటికి మిగిలిన సాక్ష్యం అక్కడ పెరిగిన ముసలివారి పళ్ళూ, ఎముకలూ, జ్ఞాపకమూ మాత్రమే. వారు వెళ్ళిపోతే అదీ ఉండదు.

కనుక ఈసారి సొంతూరికి వెళ్ళినా, సొంతూరి పెద్దలను కలిసినా ఈ ప్రశ్నలు అడగండి. మీ చిన్నప్పుడు తాగే నీళ్ళు ఎక్కడి నుండి తెచ్చుకునేవారు, చెరువా, చేదబావా, చెలమా, చేతిపంపా? ఆ బావి ఏ వీధిలో ఉండేది? ఏ వయసులో ఊరు విడిచారు? మీ తోడపుట్టినవారిలో ఎవరెవరికి గారపళ్ళుండేవి? నడుము వంగిపోయినవారు, మెడ తిప్పలేనివారు ఉన్నారా? పనిలో పనిగా మధుమేహం, రక్తపోటు, చిన్నవయసులో గుండెజబ్బుతో పోయినవారి వివరాలు కూడా రాసుకోండి. తరువాత ఆ పెద్దవారిని మూడు పనులు చేయమనండి: గడ్డాన్ని ఛాతీకి తాకించడం, చేతులు తల వెనుక పెట్టుకోవడం, మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళు అందుకోవడం. ఇవి చేయలేనంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తీర్పు చెప్పకండి, బలవంతంగా చేయించకండి. పాత నీటి చరిత్ర కూడా తోడైతే మాత్రం వైద్యునికి చూపించండి.

పంటి మచ్చలన్నీ ఫ్లోరైడ్ వల్లనే రావు. చిన్నతనంలో వాడిన టెట్రాసైక్లిన్ మందు వల్ల, తీవ్రమైన జబ్బుల వల్ల, పోషకాహార లోపం వల్ల కూడా మచ్చలు పడతాయి. రెండు వైపులా ఉన్న ఒకే రకపు పళ్ళపై సమానంగా, అడ్డంగా చారలుంటే ఫ్లోరైడ్‌ను అనుమానించాలి. గార పోతుందని ఇటుకపొడితో తోమడం, వీధి వైద్యులతో యాసిడ్ రాయించుకోవడం పింగాణిని మరింత పాడుచేస్తాయి. దంతవైద్యుల దగ్గర ఈ మచ్చలను తగ్గించే, కప్పే సురక్షిత పద్ధతులున్నాయి. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. బోరునీరు తాగవలసి వస్తే ముందుగా పరీక్ష చేయించండి. ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే ఆ పరీక్షను వాయిదా వేయకండి, ఎందుకంటే వారి పళ్ళు ఇప్పుడే తయారవుతున్నాయి.

ఇంటి పత్రాలు పెట్టుకునే పెట్టెలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచండి. అందులో పూర్వీకుల ఊరి పేరు కింద, ఆ ఊరి మంచినీళ్ళ బావి పేరు కూడా రాయండి. మీ తరువాతివారు ఏనాడైనా వైద్యుని ముందు కూర్చున్నప్పుడు పొలం సర్వే నంబరు కన్నా అదే వారికి ఎక్కువ పనికివస్తుంది.